గోవా నైట్‌కు లానంతా, వయొలిన్‌కు జరిమానా

శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల, గేటెడ్ కాలనీల సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు

అయ్యలారా, అమ్మలారా,



"ఫ్లాట్లలో సంగీత వాయిద్యాల సాధన వలన తోటి నివాసులకు అసౌకర్యం కలుగుచున్నందున తక్షణమే నిలిపివేయవలెను. అతిక్రమించినవారికి జరిమానా విధించబడును." జనవరి మొదటి వారంలో మా బ్లాకు లిఫ్టు పక్కన అంటించిన నోటీసు ఇది. దాని పక్కనే ఇంకా ఎవరూ ఊడదీయని పోస్టరు ఒకటి ఉంది. డిసెంబరు 31 రాత్రి క్లబ్‌హౌస్ లాన్‌లో 'గోవా నైట్', డీజే, కొబ్బరాకుల పందిరి, ఇంటికి రెండు గడ్డిటోపీలు ఉచితం. రెండు కాగితాల కిందా ఉన్న సంతకం ఒక్కటే.

ఏ కాలనీయో చెప్పను. పేరు పెడితే ఇది ఒక కార్యదర్శి గారితో నా సొంత తగాదా అయిపోతుంది. తొండుపల్లి నుంచి తుక్కుగూడ దాకా ఉన్న స్నేహితులు తమ కాలనీ గ్రూపుల్లో వచ్చిన ఇలాంటి సందేశాలే నాకు పంపుతున్నారు. అందుకే మీ అందరినీ కలిపి అడుగుతున్నాను.

మనం కాపురం పెట్టింది ఎక్కడ? 2008 మార్చి నుంచి విమానాలు ఎగురుతూ దిగుతూ ఉన్న చోట. బ్రోషర్‌లో 'ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు' అన్న ముక్క చూసే కదా మనలో చాలామందిమి అడ్వాన్సు కట్టాం? అర్ధరాత్రి గల్ఫ్ విమానం కిటికీ అద్దాలు వణికించి పోతే ఎవరమైనా ఫిర్యాదు రాశామా? చంటిపిల్లలు కూడా ఆ మోతలోనే నిద్రపోవడం అలవాటు చేసుకున్నారు. అలాంటి చోట సాయంత్రం ఐదున్నరకు మూడో అంతస్తులో పదకొండేళ్ల పిల్లవాడు వయొలిన్ మీద సరళీ స్వరాలు వాయిస్తే, అది భరించరానిది ఎలా అయింది?

చట్టం సంగతి కూడా చూద్దాం. దేశమంతటికీ వర్తించే శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 పరిమితి. రాత్రి అంటే పది నుంచి తెల్లవారి ఆరు వరకు. ఆ వేళ ఆరుబయట లౌడ్‌స్పీకర్లు, వాయిద్యాలు మోగించకూడదు. పరిమితికి మించి పది డెసిబెళ్లు ఉంటే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. విమానాశ్రయాల పరిసరాలకు 2018లో కేంద్రం వేరే కొలత పెట్టింది. రద్దీగా ఉండేవాటి చుట్టూ పగలు 70, రాత్రి 65. పట్టపగలు నాలుగు గోడల మధ్య పిల్లలు సాధన చేయకూడదని వీటిలో ఎక్కడుంది? మీ నోటీసులో నిబంధన సంఖ్య లేదు, వేళ లేదు, కొలత లేదు, ఏ సమావేశంలో తీర్మానించారో లేదు. జరిమానా మాత్రం ఉంది. సరే, డిసెంబరు 31న డీజే ఎన్నింటికి ఆగింది? పన్నెండు దాటాక కూడా మా వంటింట్లో స్టీలు గిన్నెలు అదురుతూనే ఉన్నాయి. మర్నాడు ఎవరికి నోటీసు ఇచ్చారు?

మీ వైపు ఒక న్యాయం ఉంది, దాన్ని దాటవేయను. ఇది షిఫ్టు ఉద్యోగుల ఊరు. కార్గోలో, సెక్యూరిటీలో, విమానాల మరమ్మతుల్లో, హోటళ్లలో రాత్రంతా పనిచేసి పొద్దున్నే ఇల్లు చేరేవాళ్లు ప్రతి బ్లాకులోనూ ఉన్నారు. పగటి నిద్ర లేకపోతే వాళ్లకు మర్నాటి డ్యూటీ లేదు. వాళ్ల తరఫున సంఘం మాట్లాడితే తప్పేమీ కాదు, మాట్లాడాలి కూడా. అయితే మీరు ఎవరి తరఫున మాట్లాడారు? ఆ పిల్లవాడి ఇంటి కింది ఫ్లాటులోనే కార్గోలో రాత్రి డ్యూటీ చేసే అతను ఉంటాడు. మీ నోటీసుకు చాలా ముందే, దసరా సెలవుల్లో, పైకి వెళ్లి తలుపు కొట్టాడు. "అక్కా, నేను పొద్దుగాల ఏడింటికొచ్చి పండుకుంట. పన్నెండు దాంక జర ఆపుమను. ఆ తర్వాత ఎంతసేపు వాయించుకున్నా నాకేం ఫికర్ లేదు" అన్నాడు. పిల్లవాడి తల్లి సరేనంది. మాస్టారిని అడిగి రబ్బరు మ్యూట్ ఒకటి కొనుక్కొచ్చింది. చిన్న నల్లటి ముక్క. తీగలు ఆనే బ్రిడ్జి మీద దాన్ని తొడిగితే వయొలిన్ గొంతు బాగా దిగిపోతుంది. పక్క గదిలోకి వినిపిస్తుంది, పక్క ఫ్లాటులోకి రాదు. సెలవులు అలాగే గడిచాయి. బడి తెరిచాక సాధన సాయంత్రానికి మారింది. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు గుమ్మంలో నిలబడి తేల్చుకున్న సంగతి ఇది. నోటీసు వచ్చాక అతన్ని నేను అడిగాను. ఫిర్యాదు తనది కాదన్నాడు. సంఘం నుంచి ఎవరూ తనను అడగనే లేదన్నాడు.

ఇక గోవా సంగతి. దాన్ని ఎత్తుకున్నది మీరే.

ఆ రాత్రి డీజే 'మై నేమ్ ఈజ్ ఆంథోనీ గోన్సాల్వెజ్' పెట్టగానే కార్యవర్గమంతా గడ్డిటోపీలు గాల్లోకి ఎగరేసింది. నేనూ చప్పట్లు కొట్టాను. చేపల వేపుడు కూడా బాగుంది, దానికి మార్కులు వేయాల్సిందే. పాట 1977లో వచ్చిన 'అమర్ అక్బర్ ఆంథోనీ' సినిమాలోది. ఆ పేరుతో నిజంగానే ఒక మనిషి ఉండేవారని, ఆయన ఏం పని చేసేవారో మీలో ఎవరికైనా తెలుసా? ఆయన వయొలిన్ మాస్టారు. 1927లో దక్షిణ గోవాలోని మజోర్డా అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ఊరి చర్చిలో గాయకబృందాన్ని నడిపేవారు. మొదటి గురువు ఆ తండ్రే. కుర్రవాడు 1943 నాటికల్లా బొంబాయిలో సంగీత దర్శకుడు నౌషాద్ బృందంలో వయొలిన్ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఆర్.డి. బర్మన్ ఒకరు, లక్ష్మీకాంత్-ప్యారేలాల్ జంటలోని ప్యారేలాల్ ఒకరు. గురువు మీది గౌరవంతో ఆ పేరును పాటకెక్కించింది ప్యారేలాలే. అంటే మీరు టోపీలు ఎగరేసింది ఒక వయొలిన్ మాస్టారి పేరుకు. వారం తిరక్కుండా వయొలిన్‌కు జరిమానా రాశారు.

ఆయన ఒక్కరే కాదు. శంకర్-జైకిషన్‌కూ ఓ.పి. నయ్యర్‌కూ వాద్యబృందం ఏం వాయించాలో కాగితం మీద రాసిచ్చిన సెబాస్టియన్ డిసౌజా గోవా మనిషి. ట్రంపెట్ వాయించే చిక్ చాకొలెట్ గోవా మనిషి. బొంబాయి స్టూడియోల్లో స్వరలిపి చూసి అప్పటికప్పుడు వాయించగలవాళ్లు కావాలంటే దశాబ్దాలపాటు గోవావాళ్లనే పిలిచేవారు. సినిమా టైటిల్స్‌లో మాత్రం వాళ్ల పేర్లు చాలావరకు పడలేదు, అది వేరే అన్యాయం. ఇంతమంది ఒక చిన్న ప్రాంతం నుంచి ఎలా వచ్చారు? పోర్చుగీసు పాలనలో అక్కడి చర్చి బడుల్లో పిల్లలకు అక్షరాలతోపాటు స్వరాలూ నేర్పేవారు. వయొలిన్ కూడా నేర్పేవారు. బడిలో చెప్పించుకున్నది ఇంటికొచ్చి వాయించాలి కదా. తండ్రి చేతిలోని వాయిద్యం కొడుకు చేతికి వచ్చేది. అందరూ మొదట అపస్వరాలే వాయించి ఉంటారు. పక్కింటివాళ్లు నోటీసులు అంటించి ఉంటే, పాత హిందీ పాటల్లో ఈనాటికీ మన గుండె పట్టుకునే ఆ వయొలిన్ల వరస ఎక్కడి నుంచి వచ్చేది?

గోవాలో మాండో అనే పాట ఉంది. నెమ్మదిగా సాగుతుంది, ఎక్కువగా ప్రేమ, ఎడబాటు. కొంకణిలో పాడతారు. క్రైస్తవ కుటుంబాల పెళ్లిళ్లలో ఇంటి పెద్ద హాల్లో ఆడవాళ్లూ మగవాళ్లూ రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి ఆడుతూ పాడేది. పక్కన వయొలిన్, ఘుమట్. ఘుమట్ అంటే మట్టికుండ. ఒక మూతికి తోలు బిగిస్తారు, రెండో మూతి తెరిచి ఉంటుంది. పూర్వం ఆ తోలు ఉడుముది. వన్యప్రాణి చట్టం వచ్చాక ఉడుమును చంపడం నేరమైంది. చట్టం అడ్డొచ్చిందని గోవావాళ్లు ఘుమట్‌ను అటకెక్కించలేదు. మేకతోలు బిగించి చూశారు, నాదం సరిచూసుకున్నారు, వాయించారు. 2019లో గోవా ప్రభుత్వం దాన్ని రాష్ట్ర వారసత్వ వాయిద్యంగా ప్రకటించింది. అభ్యంతరం ఎక్కడుందో అక్కడే సరిచేసుకుని మిగతాది కాపాడుకోవడం ఒక పద్ధతి. మూడో అంతస్తు తల్లి రబ్బరు మ్యూట్ కొన్నప్పుడు చేసింది కూడా ఇదే. మీకెందుకు తోచలేదు?

చర్చి వైపే కాదు, గుళ్ల చుట్టూ పెరిగిన పాట కూడా గోవాలో తక్కువది కాదు. కేరి ఊరి కేసర్‌బాయి కేర్కర్ పాటను 1977లోనే వాయేజర్ నౌకలు అంతరిక్షంలోకి మోసుకెళ్లాయి. గాయని కిశోరీ అమోన్కర్ తల్లి, తానూ గాయని అయిన మోగుబాయి కుర్డీకర్‌ది కుర్డీ. ఆ ఊరు 1980లలో సాలావులి ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది. ఎండాకాలం నీళ్లు దిగి ఊరు బయటపడినప్పుడు పాత ఊరివాళ్లంతా అక్కడికి చేరి దేవుణ్ణి కొలుచుకుంటారు.

మన దగ్గర మునిగింది నీళ్లలో కాదు. విమానాశ్రయానికి తీసుకున్న భూమి దాదాపు 5,500 ఎకరాలు. మామిడిపల్లి, గొల్లపల్లి లాంటి ఊళ్ల పొలాలు అందులో కలిసిపోయాయి. నాట్లు వేస్తూ పాడిన ఆడవాళ్లు, వాళ్ల కూతుళ్లు, కోడళ్లు ఇవాళ ఎక్కడున్నారు? చాలామంది మన కాలనీల్లోనే ఉన్నారు. మెట్లు తుడుస్తున్నారు, లాన్‌కు నీళ్లు పెడుతున్నారు. మా బ్లాకు తుడిచే పెద్దమ్మకు బతుకమ్మ పాటలు ఎన్ని వచ్చో ఆమెకే లెక్క తెలియదు. తొమ్మిది రోజులు పాడినా మళ్లీ మొదటికి రావాల్సిన పని లేదు. కిందటి బతుకమ్మకు మీరేం చేశారు? లాన్ మధ్యలో రెండు నల్లటి స్పీకర్లు పెట్టి, ఫోన్‌లోంచి సినిమా బాణీల బతుకమ్మ పాటలు వేశారు. ఆమె చీపురు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి చూసింది. "పెద్దమ్మా, నువ్వొచ్చి ఎత్తుకో" అని ఒక్కరైనా పిలిచారా? రాష్ట్ర పండుగ అని 2014లో ప్రభుత్వం ప్రకటించింది, సంతోషమే. పాట తెలిసిన మనిషిని వలయం బయట నిలబెట్టి మనం జరుపుకుంటున్నది ఏ పండుగ?

బోనాలప్పుడు ఇంకో ముచ్చట. డప్పులవాళ్లను గేటు దగ్గరే ఆపేశారు. రిజిస్టర్‌లో పేర్లు, ఫోన్ నంబర్లు రాయమన్నారు, తర్వాత "లోపలికి బోనం ఒక్కటే" అన్నారు. మంట మీద కాచుకున్న డప్పులు, చేతిలో సిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని వాళ్లు రోడ్డు మీదే నిలబడ్డారు. అమ్మవారి ఫలహారబండికి కూడా మీకు బ్లూటూత్ స్పీకరే దొరికింది. ఇక్కడ అడ్డొచ్చింది చప్పుడేనా? డప్పు కొట్టేవాళ్ల కులం కాదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడే 'భీమ్లా నాయక్' పాటతో రాష్ట్రమంతా ఆయన గొంతు విన్నది. 2024లో ఆయన మన రంగారెడ్డి జిల్లాలోనే, తుర్కయంజాల్‌లో, కట్టడం పనికి కూలీగా వెళ్తున్నారని పత్రికల్లో వచ్చింది. అది ప్రభుత్వం సిగ్గుపడాల్సిన సంగతి, నిజమే. కాని ప్రభుత్వాన్ని తిట్టి మనం తప్పుకోవచ్చా? మనలాంటి కాలనీలు ఏటా ఒక్క సాయంత్రం పిలిచి, డీజేకు ఇచ్చే డబ్బులో సగం చేతిలో పెడితే, ఇలాంటి కళాకారులకు పలుగూ పారా పట్టుకోవాల్సిన అవసరం ఎంతమేరకు తప్పుతుందో మీ కోశాధికారినే లెక్క వేయమనండి.

మళ్లీ వయొలిన్ దగ్గరికి వస్తాను. అది గోవాకు చర్చి ద్వారా వచ్చింది, మన కర్ణాటక సంగీతంలోకి బాలుస్వామి దీక్షితుల ద్వారా వచ్చింది. తెలుగువాళ్లకు దాని పేరు చెప్పగానే గుర్తొచ్చేది ద్వారం వెంకటస్వామి నాయుడు. విశాఖపట్నంలో పెరిగిన పిల్లవాడు. మొదట నేర్పింది అన్నగారు, ఇంట్లోనే. ఇరవై ఆరేళ్లకు, 1919లో, విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యుడయ్యారు. ఆయన చిన్ననాటి వీధిలో మీ సంఘం లేకపోవడం మన అదృష్టం.

పిల్లలందరూ ద్వారం వారు కావాలని నా వాదన కాదు. మూడో అంతస్తు అబ్బాయి రేపు వయొలిన్ పక్కన పెట్టేసి ఇంజనీరు కావచ్చు, కానీండి. ఆ ఇంట్లో సాయంత్రం ఏం జరుగుతుందో ఒకసారి వెళ్లి చూడండి. తల్లి చపాతీలు ఒత్తుతూనే, "మళ్లీ వాయించు, గాంధారం జారింది" అంటుంది. నిజానికి ఆమెకు సంగీతం రాదు. నెలల తరబడి విని విని ఆమె చెవికి జారుడు తెలిసిపోయింది. తండ్రి యూనిఫాం విప్పకుండానే సోఫా అంచున కూర్చుని మోకాలి మీద తాళం వేస్తాడు. ఒకప్పుడు ఆ వేళకు ముగ్గురి చేతుల్లోనూ మూడు ఫోన్లు ఉండేవి. ఇప్పుడా కుర్రవాడు తన తప్పును నలుగురూ వింటుండగా దిద్దుకుంటున్నాడు. మార్కులు తగ్గితే ప్రోగ్రెస్ రిపోర్టు దాచుకునే పిల్లల మధ్య ఇది చిన్న విద్యా? దీన్ని ఏ కోచింగ్ సెంటరు నేర్పుతుంది? ఫీజు కట్టి మాస్టారి దగ్గర గడిపేది వారానికి గంటో రెండు గంటలో. మిగతాదంతా ఇంట్లోనే జరగాలి. ఇక్కడి నుంచి రాంకోఠిలోని త్యాగరాజ సంగీత కళాశాలకు రోజూ పిల్లల్ని తీసుకెళ్లి తీసుకురాగలిగే ఇళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? ఇంట్లో సాధన వద్దంటే సంగీతమే వద్దన్నట్టు. ఆ మాట నేరుగా అనడానికి మీకు ధైర్యం చాలక, 'అసౌకర్యం' అని రాశారు.

నెలనెలా మెయింటెనెన్స్ కట్టించుకునే మీ బాధ్యత లిఫ్టూ నీళ్లూ దగ్గరే ఆగిపోదు. వందల కుటుంబాలు ఒకే గోడకు అటూ ఇటూ బతకాలంటే వాళ్ల మధ్య మాట కలపడం మీ పని. మాట కలపాల్సిన చోట మీరు కాగితం అంటించారు. క్లబ్‌హౌస్‌లో టేబుల్ టెన్నిస్ బల్ల విరిగిపోయినప్పటి నుంచి తాళం వేసి ఉన్న గది ఒకటుంది. దాని తాళం తీయండి. కిటికీలకు దళసరి కర్టెన్లు కట్టండి, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా పిల్లలకు వదిలేయండి. ఇంట్లో వాయించుకునేవాళ్ల సంగతి ఆ అంతస్తువాళ్లే కూర్చుని తేల్చుకుంటారు. రాత్రి డ్యూటీవాళ్లు ఏ ఫ్లాట్లలో ఉన్నారో మీ దగ్గర జాబితా ఉంది, ముందు వాళ్లనే అడగండి. రాత్రి పది దాటాక ఆరుబయట ఏదీ మోగకూడదన్న చట్టాన్ని వయొలిన్‌కు వర్తింపజేయండి, అభ్యంతరం లేదు, కాకపోతే డీజేకు కూడా వర్తింపజేయండి. బతుకమ్మ రోజు స్పీకర్లు ఇంటికి పంపేసి, పాట తెలిసిన పెద్దమ్మలను డబ్బిచ్చి, గౌరవంగా, చీపురు పక్కన పెట్టించి పిలవండి. గేటు దగ్గర ఆపిన డప్పులవాళ్లకు సంఘం తరఫున క్షమాపణ చెప్పండి.

గోవా నైట్ మానేయమని అనను. శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్ సంస్థే 2023 జనవరి నుంచి మోపాలో గోవా కొత్త విమానాశ్రయాన్నీ నడుపుతోంది. ఇక్కడ ఎక్కితే సినిమా సగం కూడా చూడకముందే అక్కడ దిగుతాం. ఈసారి కార్యవర్గం విహారయాత్రకు వెళ్తే, బీచి నుంచి ఒక్క పూట తీరిక చేసుకుని మజోర్డా వెళ్లండి. అక్కడ ఏ ఇంటివాళ్లనైనా మీ నోటీసు చదివి వినిపించి అభిప్రాయం అడగండి.

ఈ నోటీసును మీరు సర్వసభ్య సమావేశంలో పెట్టలేదు, కాబట్టి దానికి కట్టుబడాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. సమావేశం పిలిచేదాకా దాన్ని బోర్డు మీంచి తీసేయమని కోరుతున్నాను. పిలిస్తే రద్దు తీర్మానం నేనే ప్రతిపాదిస్తాను, బలపరచడానికి కార్గో ఉద్యోగి సిద్ధంగా ఉన్నాడు.

ఈ లేఖ చదువుతున్న ఇతర కాలనీలవాళ్లకు ఒక మాట. మీ లిఫ్టు పక్కన కూడా ఇలాంటి కాగితం ఉంటే, సంతకం చేసినవారి దగ్గరికి వెళ్లి రెండే ప్రశ్నలు అడగండి. ఏ నిబంధన కింద ఇచ్చారు? ఏ సమావేశంలో తీర్మానించారు? జవాబు రాతపూర్వకంగా ఇచ్చేదాకా జరిమానా కట్టకండి.

ఇట్లు,
మెయింటెనెన్స్ బాకీ లేని ఒక సభ్యురాలు
శంషాబాద్